బాట మీదుగా కొట్టిన బంతి

నేను రిటైరైన రోజున మా సివిల్ సెక్షన్ వాళ్ళు శాలువా కప్పి, నా సర్వీసంతా ఏకరువు పెట్టారు. గెడ్డ దగ్గర్నుంచి ఫ్యాక్టరీకి తెచ్చిన నీళ్ళ పైపు, క్వార్టర్ల మధ్య రోడ్లు, హైస్కూలు ప్రహరీ, ఆఖరికి గోల్ఫ్ గ్రౌండు. గోల్ఫ్ గ్రౌండు అనగానే వెనక వరసలో ఎవరో గట్టిగా చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని శాలువా కుచ్చులు సరిచేసుకుంటూ కూర్చున్నాను. సిగ్గరి మనిషి అనుకుని ఉంటారు.

సర్వే పనుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మీ ఉద్యోగంలో బాగా భయపడిన రోజేది సార్ అని అడుగుతారు. కొండచరియ విరిగిపడిందనో, క్వారీలో మందుగుండు తొందరపడి పేలిందనో చెబుతానని వాళ్ళ ఆశ. అవీ ఉన్నాయి. కానీ నాకు చేతులు వణికింది వాటి వల్ల కాదు. గుప్పిట్లో పట్టే తెల్ల బంతి వల్ల.

మాది మూడు తరాలుగా భూమి కొలిచే కుటుంబం. శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి, తాతగారు సంస్థానంలో అమీనుగా గొలుసు పట్టారు. నాన్న రెవెన్యూలో చేశారు. నేను కోరాపుట్ జిల్లాలో కొండల మీద కట్టిన ఒక ఫ్యాక్టరీలో సర్వేయర్ని. తొంభైల మొదట్లో మాకు కొత్త జనరల్ మేనేజరు వచ్చారు. ఉత్తరాది మనిషి. మేం పెద్దసారు అనేవాళ్ళం. గట్టిగా మాట్లాడేవారు కాదు, మాట మీద నిలబడేవారు. గోల్ఫ్ అంటే ప్రాణం. వచ్చిన నెలకే నన్ను పిలిచి, టౌన్‌షిప్ వెనకున్న వాలు చూపించి, "ఇక్కడ తొమ్మిది హోల్స్ కావాలి" అన్నారు.

తొమ్మిది హోల్స్ అంటే తొమ్మిది చిన్న గుంటలు. ఒక్కొక్కటీ దూరంగా, దాని చుట్టూ నున్నటి పచ్చిక. కర్రతో కొట్టుకుంటూ వెళ్ళి ఎన్ని తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే అంత గొప్ప. ఆ సంగతి అప్పటికి నాకు అంతే తెలుసు. కోణాలు కొలిచే థియోడలైటు పట్టుకుని మూడు వారాలు వాలంతా తిరిగి, మ్యాపు గీసి, ట్రేసింగు కాగితం తీసుకెళ్ళి సారు బల్ల మీద పరిచాను.

ఏడో హోల్ పక్కన చుక్కల గీత ఒకటి ఉంది. సారు దాని మీద వేలు పెట్టారు.

"ఇదేమిటి?"

"బాట సార్. కొండవతల ఊళ్ళవాళ్ళు ఆదివారం సంతకి వస్తారు."

"ఇది ఇక్కడే ఉండాలా?"

ఆయన అడిగింది అంతే. తీసెయ్యమనలేదు. తొందరపడింది నేను. "అక్కర్లేదు సార్. పంపుహౌస్ వెనక నుంచి కొత్త బాట వేస్తే చుట్టు తిరిగి వెళతారు" అన్నాను. సారు సంతోషించారు. ట్రేసింగు మీద ఇంకు గీత పోవాలంటే బ్లేడుతో గీకాలి. సగం బ్లేడు తీసుకుని రెండు నిమిషాల్లో గీకేశాను.

కొత్త బాట వేశాం, కంకర పోశాం, ముళ్ళతీగ కట్టాం. కానీ నెత్తిన బరువున్నవాళ్ళు అంత చుట్టు ఎందుకు తిరుగుతారు? తీగ ఒకచోట వంచి పాత బాటనే నడిచారు. సెక్యూరిటీ వాళ్ళు రెండుసార్లు తీగ బిగించి, మూడోసారి ఊరుకున్నారు.

గ్రౌండు చూసుకోడానికి ఒక రిటైరైన సుబేదారుని పెట్టారు. పలాస వైపు మనిషి. పటాలంలో ఆఫీసర్ల గోల్ఫ్ గ్రౌండు చూస్తూ చూస్తూ ఆట నేర్చుకున్నాడట. గడ్డి లెవెల్స్ కోసం నేను రోజూ సాయంత్రం వెళ్ళేవాణ్ణి. ఒకరోజు ఆయన నా చేతిలో కర్ర పెట్టి, "కొట్టు బాబూ, సూద్దాం" అన్నాడు. కొట్టాను. బంతి తిన్నగా వెళ్ళి, కుడికి తిరిగి, అరటిపండు ఆకారంలో వంగి ఎక్కడో పడింది. ఆ వంపు నాకు ముచ్చటేసింది. సుబేదారు నవ్వేడు. "అది రోగం, సర్వేరు బాబూ. దాన్ని స్లైసంతారు."

రోగమో భోగమో, నాకు ఆట అంటుకుంది. రాయగడ వైపు ఇంకో ఫ్యాక్టరీ టౌన్‌షిప్ ఉంది. వాళ్ళకీ గ్రౌండుంది. ఇద్దరు మేనేజర్లూ మాట్లాడుకుని ఏటా ఒక పోటీ పెట్టారు. జట్టుకి నలుగురు, అందులో ఒకరు ఆఫీసరు కాని ఉద్యోగి ఉండాలని నియమం. మా జట్టులో ఆ ఒక్కణ్ణి నేనే. మొదటి ఏడాది రాయగడలో ఆడాం. అక్కడ మూడు చోట్ల కుడివైపు చెరువుంది. నా బంతులు మూడూ ఆ చెరువులోకే పోయాయి. ఓడిపోయాం. తిరిగొచ్చేటప్పుడు జీపు ఘాట్ ఎక్కేదాకా సారు బయటికే చూస్తూ కూర్చున్నారు. టౌన్‌షిప్ గేటు దగ్గర మాత్రం, "వచ్చే ఏడు మన గ్రౌండులో. బంతిని మీ మాట వినేలా చేసుకోండి" అన్నారు.

ఆ మాట నా బుర్రలో తేలు కుట్టినట్టుండిపోయింది. మర్నాడే సుబేదారు దగ్గరికెళ్ళి, నాకు తిన్నగా కొట్టడం నేర్పండి అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "తిన్నగా ఎవుడూ కొట్లేడు. నీ బంతి కుడికి ఒంగుతాది కదా, ఒంగనీ. ఎంత ఒంగాలో నువ్వు సెప్పు, అది ఇనాల. అప్పుడు దాన్ని స్లైసనరు, ఫేడంతారు."

ఎదురుగా రెండు వెదురు గడలు పాతాడు. ఎడమ గడకి ఎడంపక్కగా బంతి బయల్దేరాలి, కుడికి వంగి రెండు గడల మధ్య పడాలి. పాదాలు బంతి బయల్దేరే వైపు, కర్ర ముఖం బంతి చేరాల్సిన వైపు. చెప్పడానికింతే. మొదట చిన్న కర్రతో సగం ఊపు, నెల గడిచాక పెద్ద కర్ర. పది బంతులు ఒక విడత. ఎన్ని లోపల పడ్డాయో ఆయన వేళ్ళమీద లెక్కపెట్టేవాడు. మొదటి నెలలో పదికి రెండు. వానాకాలం వెళ్ళేసరికి ఆరు. దసరా దాటాక ఎనిమిది. ఎడమకి వంగే డ్రా కూడా నేర్పాడు. రెండువైపులా వంచడం తెలిస్తేగానీ ఒకవైపు అదుపు రాదని ఆయన నమ్మకం.

ఇదంతా ఎందుకంటే ఏడో హోల్ కోసం. అది కుడికి మెలిక తిరిగి ఉంటుంది. మెలిక దగ్గర నీలగిరి చెట్ల గుంపు. అందరూ మెలికదాకా చిన్నగా కొట్టి, అక్కణ్ణుంచి రెండో దెబ్బ కొడతారు. ఫేడ్ వచ్చినవాడు మాత్రం ఎడంవైపు నుంచి బంతిని పంపి, చెట్ల చుట్టూ తిప్పి, ఒక్క దెబ్బకి గుంట దగ్గరికి చేరుస్తాడు. ఒక దెబ్బ మిగులుతుంది. పోటీలో ఒక దెబ్బంటే చాలా ఎక్కువ.

ఎడంవైపు ఏముంది? బాట. నా బంతి ఆ బాట మీదుగా వెళ్ళి వెనక్కి రావాలి. నేను గీకేసిన బాట మీదుగానే. ఆ సంగతి నాకు తట్టలేదని చెప్పను. తట్టింది. తోసేశాను.

కార్తీకంలో ఒక ఆదివారం. సెలవు కాబట్టి పొద్దున్నే ఏడో హోల్ దగ్గర మొదలుపెట్టాం. ఆ రోజు చెయ్యి బాగా తిరిగింది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది బంతులు గీసినట్టు వంగి ఎక్కడ పడాలో అక్కడ పడ్డాయి. జన్మలో ఎప్పుడూ తొమ్మిది వరసగా రాలేదు.

"సాలు బాబూ," అన్నాడు సుబేదారు. "జనం దిగుతన్నారు."

తలెత్తి చూశాను. కొండ మీంచి వరసగా ఆడవాళ్ళు. నెత్తిన గంపలు, అల్లం, చీపుళ్ళు. ముందున్నామె కట్టుకున్న ముదురెరుపు అంచు కొట్పాడ్ నేత చీర అంత దూరం నుంచీ కనిపించింది.

"ఒక్కటి సుబేదారుగారూ. ఒక్కటే. పదికి పది అయిపోతాయి."

"ఒద్దు."

నేను కొట్టేశాను.

కర్రకి బంతి తగిలిన చప్పుడులోనే తెలిసిపోయింది. వంగలేదు. ఎడమకి బయల్దేరి ఎడమకే పోయింది. నేను అరిచాను. తప్పుకోమని హెచ్చరించడానికి, పుస్తకంలో రాసినట్టు "ఫోర్" అని అరిచాను. ఆ కొండల్లో ఆ మాట ఎవరికి తెలుసు? వాళ్ళు ఆగి నా వైపు చూశారు. నడుస్తూ ఉంటే తప్పిపోయేదేమో, ఆగారు. ముందున్నామెకి, గంప పట్టుకున్న మోచేతి కింద తగిలింది. గంప పడింది, అల్లం బాటంతా దొర్లింది. ఆమె కూర్చుండిపోయింది.

నేను పరిగెత్తాను. సుబేదారు నా కన్నా ముందు పరిగెత్తాడు, ఆ వయసులో.

ఫ్యాక్టరీ ఆసుపత్రికి జీపులో తీసుకెళ్ళాం. ముంజేతి ఎముక విరిగింది. సిమెంటు కట్టు వేస్తున్నంతసేపూ ఆమె ఏడవలేదు, పళ్ళు బిగబట్టి ఉంది. వయసు యాభై ఉంటుందేమో. కట్టు అయ్యాక నా జేబులో ఉబ్బెత్తుగా ఉన్న బంతి వైపు చూపించింది. తీసి ఇచ్చాను. బాగున్న చేత్తో నొక్కి చూసింది. ఆ కొండల్లో మాట్లాడే దేశియా భాషలో, ఇది ఎందుకు కొట్టేవు అని అడిగింది.

నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో, ఆట అని చెప్పాను.

"ఖేళా?" అంది, ఆటా అని.

కోపం లేదు ఆ మాటలో. నిజంగా అర్థంకాక అడిగింది.

ఈలోగా సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు. డాక్టరుతో పక్కకెళ్ళి మాట్లాడి, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "కంపెనీ స్థలంలోకి అనుమతి లేకుండా వచ్చి కాలు జారి పడింది. అంతే. మీకూ మంచిది, సారుకీ మంచిది" అన్నాడు. రిజిస్టరులో అలాగే రాశారు. పేరు దగ్గర 'గ్రామ స్త్రీ' అని రాశారు. సాక్షి సంతకం ఎవరిదో కావాలి. పెట్టింది నేనే. సుబేదారు వరండాలో నిలబడి చూస్తున్నాడు. నేను బయటికొచ్చేసరికి ఆయన లేడు.

సోమవారం పొద్దున్న పైప్‌లైను పని మీద వెళ్ళాను. ట్రైపాడు మీద పరికరం పెట్టి లెవెల్ చేస్తుంటే బుడగ మధ్యలో నిలవడం లేదు. స్క్రూ తిప్పిన కొద్దీ అటూ ఇటూ పోతోంది. నేల కదులుతోందేమో అనుకున్నాను. కదులుతున్నవి నా వేళ్ళు. ఆ వారం ఒక రీడింగు పూర్తిగా ఒక మీటరు తప్పు రాశాను. పైపు దించేముందు నా పక్క సీటు డ్రాఫ్ట్స్‌మన్ పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. "ఏటయ్యింది గురువుగారూ, ఒంట్లో బాగులేదా?" అన్నాడు. జ్వరం వచ్చేలా ఉందన్నాను.

ఎవరైనా ఊరి నుంచి వస్తారేమో, పోలీసులకి చెబుతారేమో అని గేటు వైపు చూస్తూ గడిపాను. ఎవరూ రాలేదు. రాకపోయేసరికి భయం తగ్గాలి కదా? పెరిగింది. ఆమె చెయ్యి ఎలా ఉందో తెలుసుకోవాలనిపించేది. వెళ్ళి అడిగే ధైర్యం లేదు.

ఆట మానేస్తానని సారుతో చెప్పడానికి వెళ్ళాను. ఆయన ముందున్న కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, "పోటీ మాఘంలో. జట్టు పేర్లు పంపేశాను" అన్నారు. ఆసుపత్రి సంగతి ఆయన ఎత్తలేదు. ఆయనకి అందిన రిపోర్టులో ఎవరో కాలు జారి పడ్డారని మాత్రమే ఉందని తర్వాత తెలిసింది. మానేస్తానన్న మాట చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను.

మళ్ళీ సుబేదారు దగ్గరికి వెళ్ళడానికి పది రోజులు పట్టింది. ఆయన గడ్డి కోసే మిషను తుడుచుకుంటున్నాడు. నా వంక చూడలేదు.

"సంతకం ఎందుకెట్టేవు?" అన్నాడు.

"భయమేసింది."

"నాకూ ఏసింది. అందుకే ఎల్లిపోయేను. నువ్వూ నేనూ ఒకటే." లేచి వెదురు గడలు తీసేడు. "రా. ఆడకపోతే నీ సెయ్యి ఇంక ఎప్పుడూ నిలబడదు."

గ్రౌండుకి అవతలి కొసన, మనుషులెవరూ రాని చోట గడలు పాతాం. మొదటి రోజు పదికి ఒకటీ రాలేదు. బంతి కొట్టే క్షణంలో నా కన్ను ఎడమకి పోయేది. అక్కడ బాట లేదు, రాళ్ళ గుట్ట ఉంది. అయినా పోయేది.

"నువ్వు బంతిని సూడ్డంలేదు. మనుసుల్ని సూస్తన్నావు," అన్నాడు.

"పదికి పది రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది సుబేదారుగారూ?"

ఆయన కర్ర నేలకి ఆనించి నిలబడ్డాడు. "ముప్పై ఏల్లనుంచి కొడతన్నాను. నాకూ రాలేదు. ఎవుడికీ రాదు బాబూ. వస్తాదన్నోడి ఎదర నిలబడకు."

అయినా రోజూ కొట్టాం. చిన్న కర్ర, సగం ఊపు, అంతా మొదటి నుంచి. పుష్యం వెళ్ళేసరికి మళ్ళీ ఎనిమిదికి వచ్చాను, తర్వాత తొమ్మిదికి. చేతులు వణకడం తగ్గింది.

పోటీ ఆదివారం పెట్టారు. రాయగడ వాళ్ళకి వేరే రోజు కుదరదట. సంత రోజు సార్, జనం నడుస్తారు అని నేను గుర్తుచేశాను. "ఇద్దరు గార్డుల్ని పెడదాం, ఆట అయ్యేదాకా ఆపుతారు" అన్నారు. అప్పటికి అది సబబుగానే అనిపించింది.

తొమ్మిది హోల్స్ రెండుసార్లు ఆడాలి. ఇద్దరిద్దరుగా బయల్దేరతాం. అందరికన్నా వెనక జంట మాది. నాతో ఆడేది రాయగడ జట్టులోని టైం ఆఫీసు గుమాస్తా. గుడారి నుంచి వచ్చిన తెలుగాయన, మెత్తటి మనిషి. నా కన్నా బాగా ఆడతాడు. మొదటిసారి ఏడో హోల్‌కి వచ్చేసరికి ఇంకా మంచు పూర్తిగా విడలేదు. బాట ఖాళీ. ఫేడ్ కొట్టాను. బంతి బాట మీదుగా వెళ్ళి, నీలగిరుల పక్కనుంచి ఒంగి, గుంటకి పది అడుగుల్లో ఆగింది. "అబ్బ, ఏటండీ ఇది, తాడు కట్టి లాగినట్టు!" అన్నాడాయన. నేను మాత్రం బాట ఖాళీగానే ఉందా అని మళ్ళీ చూసుకున్నాను.

రెండోసారి అక్కడికి వచ్చేసరికి ఎండ ముదిరింది. మాకు ముందున్న మూడు జంటలూ ఆట ముగించాయి. లెక్కలు చూసుకున్నారు. రెండు జట్లూ సమానం. ఇక గెలుపోటములు మా జంట మీద ఉన్నాయి. సారు, రాయగడ మేనేజరు, మిగతా ఆటగాళ్ళు అందరూ చూడ్డానికి ఏడో హోల్ దగ్గరికే నడిచొచ్చారు. సుబేదారు ఒక పక్కగా నిలబడ్డాడు.

కర్ర పట్టుకుని ఎడమకి చూశాను.

గార్డులు వాళ్ళ పని వాళ్ళు చేశారు. సంతకి పోయేవాళ్ళని అరగంట పైగా ఆపి, "ఇక్కడే కూచోండి, ఇక్కడే కూచోండి" అని బాట మీద కూర్చోబెట్టారు. ముప్పై మంది దాకా ఉంటారు. ముందు జంటల వాళ్ళు ఎవరూ అటు కొట్టలేదు, అందరూ మెలికదాకా చిన్నగా కొట్టుకున్నారు. అందుకని ఆ చోటు గార్డులకి భద్రంగా కనిపించింది. నా బంతి బయల్దేరేది సరిగ్గా వాళ్ళ తలల మీదుగా.

వాళ్ళలో ముదురెరుపు అంచు చీర ఉంది.

నేను కర్ర దించాను. "సార్, ముందు వాళ్ళని పంపించేద్దాం."

సారు వాచీ చూసుకున్నారు. "పొద్దున్న కొట్టారు కదా. నెలనుంచీ చూస్తున్నాను, పదికి తొమ్మిది వేస్తున్నారు. కొట్టండి."

"పదోది ఎప్పుడొస్తుందో నాకు తెలీదు సార్."

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయనతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. అందరూ నా వైపు చూశారు. చిన్న కర్ర తీసుకుని మెలికదాకా కొట్టెయ్యచ్చు, ఒక దెబ్బ పోతుంది, పోతే పోయింది. అదీ ఆలోచించాను. కానీ ఆ ముప్పై మందీ ఎండలో కూర్చుని ఉన్నది నా బంతి కోసం. ఆ సంగతి చూశాక ఇక ఏ కర్రతోనూ కొట్టబుద్ధి కాలేదు.

"పర్లేదండి, మేం ఆగుతాం," అన్నాడు గుడారి గుమాస్తా, వాళ్ళ మేనేజరు కేసి చూడకుండా.

నేను గార్డుల దగ్గరికి నడిచి, వదిలెయ్యమన్నాను. జనం లేచారు. ఎవరి బరువు వాళ్ళు ఒకరికొకరు సాయం పట్టుకుని ఎత్తుకున్నారు. ఆమె వంతు వచ్చేసరికి చుట్టూ చేతులు ఖాళీ లేవు. గంప ఒక చేత్తో పట్టింది. రెండోది భుజం దాకా లేవడం లేదు. మోచెయ్యి కింద వంకరగా అతికింది. ఆరువారాలు ఉంచాల్సిన కట్టుని పదిహేను రోజులకే కొడవలితో కోసుకుని వరికోతలకి వెళ్ళిందట. ఇది పక్కనామె నాకు చెప్పింది, ఆమె కాదు.

నేను వంగి గంప ఎత్తాను. అల్లం ఎంత బరువుంటుందో నాకు తెలియదు. పట్టు మార్చుకుని రెండోసారి లేపాల్సి వచ్చింది. ఆమె మెడ నిటారుగా పెట్టి, చుట్టకుదురు సర్దుకుని నిలబడింది. నెత్తిన పెట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. ముందుకు చూస్తూ నడిచిపోయింది.

ఆఖరి మనిషి మలుపు తిరిగేదాకా ఆగాను. అప్పుడు వెనక్కొచ్చి, పాదాలు ఎడమకి, కర్ర ముఖం కుడికి, అంతా సుబేదారు నేర్పినట్టే పెట్టుకుని కొట్టాను.

వంగలేదు.

ఎడమకి బయల్దేరి తిన్నగా పోయి, బాట మీద, వాళ్ళు కూర్చున్న చోట ఠంగున పడి లేచి, తీగ అవతల చోళ్ళ చేలో కలిసిపోయింది. గట్టి నేల మీద పడిన ఆ చప్పుడు అందరూ విన్నారు. రాయగడ మేనేజరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. సుబేదారు నేల మీద కూలబడిపోయాడు. నేను కర్ర అక్కడే వదిలేశాను. చెట్టు చాటుకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

మేం ఓడిపోయాం. మిగతా రెండు హోల్స్ ఎలా ఆడానో గుర్తులేదు.

అందరూ భోజనాలకి వెళ్ళాక సారు ఒక్కరే ఏడో హోల్ దగ్గర సిమెంటు బెంచీ మీద కూర్చుని నన్ను పిలిపించారు. మెమో ఇస్తారనుకున్నాను.

"మీరు గంప ఎత్తి పెట్టారే, ఆమె ఎవరు?"

అంతా చెప్పాను. తొమ్మిది బంతులు, పదో బంతి, రిజిస్టరు, నా సంతకం. చెబుతున్నంతసేపూ ఆయన బాట వైపే చూస్తున్నారు.

"మ్యాపులో ఈ బాట లేదు కదా?"

"నేనే గీకేశాను సార్."

"నేను అడిగానని గీకారు."

"అవును సార్. కానీ చుట్టు తిరిగి వెళతారని చెప్పింది నేను. తిరగరని నాకు తెలుసు. మా తాతగారి కాలం నుంచీ మేం ఈ కొండల్లో బాటలు కొలుస్తున్నాం."

ఆయన లేచి, తీగ వంగిన చోటు చూస్తూ నిలబడ్డారు. "మీరు ఎదురు చెప్పకపోతే నేను కొట్టించేవాణ్ణి" అన్నారు. అది నాతో అన్నట్టు లేదు. ఆ తర్వాత వారంలో ఏడో హోల్ మూసెయ్యమని ఆర్డరు వచ్చింది. మా గ్రౌండుకి అప్పట్నుంచి ఎనిమిదే. బయటివాళ్ళు నవ్వేవారు. తొమ్మిది కావాల్సినవాళ్ళు మొదటిదాన్నే రెండోసారి ఆడతారు. నా ప్రమోషను ఆలస్యమైందా అంటే, అయింది. దానికి ఇదే కారణమని ఎవరూ అనలేదు. కాదనీ అనలేదు. సారు మాత్రం నన్ను మళ్ళీ జట్టులో వెయ్యలేదు. నేను అడగలేదు.

నాకు మిగిలిన పని రిజిస్టరు. డాక్టరు దగ్గరికెళ్ళి, తప్పు రాశాం, దిద్దాలి అన్నాను. "ఇప్పుడెందుకండీ, మూడు నెలల నాటి మాట" అని విసుక్కుని, నా మొహం చూసి, పేజీ తీసి పెన్ను ఇచ్చాడు. "గోల్ఫ్ బంతి తగిలి" అని రాసి, కింద సంతకం పెట్టాను. పేరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. ఇంత జరిగినా ఆమె పేరు నాకు తెలియదు.

ఆ వచ్చిన ఆదివారం సంతకి వెళ్ళాను. అల్లం వరసలో చివర కూర్చుని ఉంది. ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. తెలుగు వచ్చిన పక్కనామె సాయంతో, బంతి కొట్టింది నేనే అని చెప్పాను. తల ఊపింది, తెలుసన్నట్టు. ఆసుపత్రి కాగితంలో అబద్ధం రాశామని, ఇప్పుడు నిజం రాస్తున్నామని, పేరు కావాలని అడిగాను.

ఆమె మొహం మారిపోయింది. వంకర చెయ్యి కొంగు కిందికి లాక్కుంది.

"పేరెందుకు బాబూ? మళ్ళీ కాగితమా?"

నీకేం కాదు, తప్పు నాదని రాస్తున్నాను అన్నాను. పక్కనామె కూడా సర్దిచెప్పింది. చాలాసేపు అల్లం ముక్కల మట్టి గోటితో గీకుతూ కూర్చుని, చివరికి గొణిగినట్టు పేరూ ఊరూ చెప్పింది. సోమవారం వెళ్ళి రాశాను. రాశాక, పెద్ద పని చేసినట్టు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆమె సంతకి రాలేదు. ఆ తర్వాతి వారమూ లేదు. పక్కనామెని అడిగాను. "పేరు రాసేరు కదా. ఎవులో వొస్తారని భయపడిపోనాది. కొండ దిగడం లేదు" అంది.

నా గుండె బరువు దించుకోడానికి ఆమె పేరు రాశాను. ఆమెకి అది ఇంకో బంతి లాగే కనిపించిందేమో. ఆమె ఊరికి వెళదామా అనుకున్నాను. వెళితే ఇంకా బెదిరిపోతుందని ఆగిపోయాను. మూడో వారమూ అల్లం వరసలో ఆ చోటు ఖాళీగానే ఉంది. ఆ మూడు వారాలూ పడ్డంత ఆందోళన బంతి తగిలిన రోజున కూడా పడలేదు.

నాలుగో ఆదివారం ఆమె వచ్చింది. వరసలో కాదు, సంతకి అవతలి కొసన, చింతపండు అమ్మేవాళ్ళ వెనక కూర్చుంది. ఎవరితోనో బేరం ఆడుతోంది. మంచి చేత్తో తూకం పట్టి, రెండోదాన్ని ఒళ్ళో దాచుకుంది. నేను అటు వెళ్ళలేదు. ఆమెకి కనిపించకుండా బట్టల దుకాణం పక్కనుంచి తప్పుకుని, అల్లం కొనకుండా ఇంటికి వచ్చేశాను.